ఎండాకాలం రక్తం ఎవరి వంతు?

ఎండలు ముదిరేసరికి ఏ బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ తెరిచి చూసినా అరలు పలచబడి ఉంటాయి. డిగ్రీ పరీక్షలు అయిపోయి హాస్టళ్లు ఖాళీ అవుతాయి. మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి లాంటి బొగ్గు పట్టణాల్లో పొద్దెక్కితే బజారులో మనిషి కనిపించడు. శిబిరం పెడదామంటే టెంటు కిందికి వచ్చేవాళ్లుండరు. తలసేమియా ఉన్న పిల్లలకు మాత్రం ఎండాకాలం సెలవుల్లేవు. వాళ్ల ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎవరో ఒకరి రక్తం ఎక్కితేనే ఆడుకుంటారు, బడికి పోతారు. ఆ తేదీ దాటితే బిడ్డ ముఖం పాలిపోతుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. తల్లి ఆ తేదీని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకునే ఉంటుంది. ఊరికి సేవ చేస్తామనే మనం ఆ తేదీని గుర్తు పెట్టుకున్నామా?

"ఊరికి ఏదన్నా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తలేదు" అని యువతీయువకులు అనడం తరచూ వింటాం. నిజాయితీగా అనే మాటే అది. వాళ్లకు మామూలుగా దొరికే జవాబులు రెండు. ఒక సంఘం పెట్టు, రిజిస్టర్ చేయించు, బ్యానర్ కొట్టించు అంటారు కొందరు. దవాఖానలో పండ్లు పంచు, మొక్క నాటు, ఫొటో దిగు అంటారు ఇంకొందరు. మొదటిదాంట్లో అధ్యక్షుడెవరు, కోశాధికారి ఎవరు అన్న దగ్గరే సగం ఉత్సాహం కరిగిపోతుంది. రెండోది సాయంత్రానికే అయిపోతుంది. ఇప్పటికే జరుగుతున్న పనిలో ఒక వంతు తీసుకోమని నేనంటాను. చిన్న వంతైనా సరే, దానికొక తేదీ ఉండాలి. మనం పోకపోతే ఎవరికో ఇబ్బంది కలిగేదై ఉండాలి. ఆరు నెలలు ఆ వంతు తప్పకుండా చేసినవాళ్లకు ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. అధికారులను ఏం అడగాలో, ఎలా అడగాలో ఆ పనే నేర్పుతుంది.

మంచిర్యాలలో అలాంటి పనికి కొదవ లేదు. ఇక్కడి రెడ్‌క్రాస్ బ్లడ్ బ్యాంకునే తీసుకుందాం. అక్కడ రక్తం ఎందుకు కావాలంటే, ఈ ప్రాంతంలో రెండు జబ్బులు పక్కపక్కనే ఉన్నాయి. తలసేమియా ఒకటి. గోండు, కోలాం, నాయకపోడు గూడేల్లో తరతరాలుగా బాధపెడుతున్న సికిల్ సెల్ రెండోది. రెండూ తల్లిదండ్రుల నుంచి వచ్చేవే. ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, పైకి ఇద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి ఉంటుంది. సికిల్ సెల్‌లో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. కీళ్లు, ఎముకలు పిండేసినట్టు నొప్పి వస్తుంది. సికిల్ సెల్ ఉన్న పిల్లలందరికీ రక్తం ఎక్కించాల్సిన పని లేదుగానీ, అవసరం పడ్డప్పుడు మాత్రం వెంటనే కావాలి.

రక్తాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవడానికి లేదు. 1996లో కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, డబ్బు తీసుకుని రక్తమిచ్చే పద్ధతిపై 1998 జనవరి 1 నుంచి దేశమంతటా నిషేధం వచ్చింది. కాబట్టి ఇచ్చే మనిషి ఉంటేనే రక్తం ఉంటుంది. ఇక్కడే మన శిబిరాల తీరు ఒకసారి తరచి చూడాలి. నాయకుడి పుట్టినరోజనో, ఆగస్టు 15 అనో ఒకే రోజున వందలమంది వరుసలో నిలబడతారు. మంచిదే. కానీ ఎర్ర రక్తకణాల ప్యాకెట్, కలిపే ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజులే నిలవ ఉంటుంది. ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులు. ఆ లోపల వాడనిది పారబోయాల్సిందే. రక్తమిచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలలు ఆగాలి. అంటే ఒక్క రోజు పండుగ చేసుకుని ఊరి దాతలందరినీ ఒకేసారి ఇంటి దగ్గర కూర్చోబెడుతున్నాం. కొరత వచ్చేసరికి పిలవడానికి ఎవరూ మిగలరు. ఇంతమంది దాతలున్న ఊళ్లో ఎండాకాలం అరలు ఖాళీ కావడానికి మంచి మనుషులు లేకపోవడం కారణం కానే కాదు. వాళ్లను ఏడాది పొడవునా పంచి నిలబెట్టే మనిషి లేడు. ఆ మనిషే వాలంటీర్.

లెక్క వేసి చూడండి. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే బిడ్డకు ఏడాదికి 17, 18 సార్లు కావాలి. ఆరోగ్యంగా ఉన్న మగమనిషి ఏడాదికి నాలుగుసార్లు ఇవ్వగలడు. అయిదుగురు సరిపోతారు. జ్వరాలకూ ప్రయాణాలకూ ఒకరిని అదనంగా వేసుకుంటే ఆరుగురు. పెద్ద పిల్లలకు ఒక్కోసారి రెండు యూనిట్లు పడతాయి, అప్పుడు పన్నెండుమంది. ఆ బిడ్డకు ఎక్కేది అచ్చంగా ఈ ఆరుగురి రక్తమే కానక్కర్లేదు. గ్రూపు, పరీక్షలు చూసుకుని బ్లడ్ బ్యాంకు తన దగ్గరున్నదాంట్లోంచి ఇస్తుంది. ఆ ఇంటివాళ్లకు మాత్రం దాత కోసం ఫోన్లు పట్టుకుని తిరిగే బాధ తప్పుతుంది. ఒక క్రికెట్ జట్టు, ఒక గణేశ్ మండలి, ఒక వాడకట్టులోని మిత్రబృందం ఒక్క బిడ్డ లెక్క మోయగలదు.

ఈ పనికి ఒక నోట్‌బుక్ చాలు. దాతల జాబితాలో పేరు, గ్రూపు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ ఎక్కడైనా రాస్తారు. బొగ్గు పట్టణంలో నాలుగో గడి ఒకటి గీయాలి: ఏ షిఫ్టు? నైట్ షిఫ్టు చేసి పొద్దున పడుకున్న మనిషికి తొమ్మిదింటికి ఫోన్ కొడితే మళ్లీ ఎత్తడు, ఎత్తకపోవడమూ న్యాయమే. నిద్రలేకుండా నేరుగా బొగ్గు బాయి మీది నుంచి వచ్చినవాడు ఎంత ఉత్సాహపడినా ఆ రోజు సూది గుచ్చనివ్వకూడదు. "అన్నా, తిన్నవా? నీళ్లు తాగినవా? రాత్రి నిద్రపోయినవా?" అని ముందే అడగాలి. వయసు 18 నుంచి 65 లోపు ఉండాలి. బరువు 45 కిలోలకు, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గకూడదు. కామెర్లు, ఈమధ్య వేయించుకున్న పచ్చబొట్టు, మందులు వాడుతున్న సంగతి దాచొద్దని నచ్చజెప్పాలి. రక్తమిచ్చాక పావుగంట కూర్చోబెట్టాలి. మర్నాడు ఒకసారి ఫోన్ చేసి "ఎట్లున్నది?" అని అడిగితే ఆ మనిషి మూడు నెలలకు మళ్లీ వస్తాడు. ఇందులో ఫొటోకు పనికొచ్చే ఘట్టం ఒక్కటీ ఉండదు. దాతలు నిలిచేది మాత్రం ఇలాంటి పట్టింపు ఉన్న చోటే.

ఈ క్రమం మన బొగ్గుగనులకు కొత్తేమీ కాదు. సింగరేణిలో రెస్క్యూ శిక్షణ తీసుకున్న కార్మికులుంటారు. మామూలు రోజుల్లో వాళ్లూ అందరిలాగే మస్టరు పడి పనిలోకి దిగుతారు. గనిలో మంటో, విషవాయువో, కప్పు కూలడమో జరిగితే ముందుగా లోపలికి పోయేది వాళ్లే. ఆ రోజు కోసం, అది రాకూడదనే కోరుకుంటూ, ఊపిరి పరికరం తగిలించుకుని క్రమం తప్పక సాధన చేస్తారు. ప్రమాదం జరిగాక ఎవరైనా పరుగెత్తుకొస్తారు. జరగని రోజుల్లో సాధనకు పోయినవాళ్ల చేతుల్లోనే ప్రాణాలు నిలుస్తాయి.

శిబిరంలో పనిచేసినవాళ్లందరూ చూసే ఒక దృశ్యం గురించి చెప్పాలి. కాలేజీ అమ్మాయిలు ఉత్సాహంగా వస్తారు. వేలి చివర గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తారు. పదీ పదకొండూ వస్తుంది. "నీకు రక్తం తక్కువున్నదమ్మా, తర్వాత రా" అని పంపించేస్తారు. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంది, శిబిరం సాగిపోతుంది. సాయంత్రం లెక్కలో ఎన్ని యూనిట్లు వచ్చాయన్నదే మిగులుతుంది, ఎందరిని వెనక్కి పంపామన్నది మిగలదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ అంకె ఇక్కడ, మన టేబుల్ ముందు, పేరూ ఊరూ ఉన్న అమ్మాయిగా నిలబడింది. వెనక్కి పంపినవాళ్ల సంఖ్యను వాలంటీర్ విడిగా రాసి పెట్టుకుంటే, నాలుగు శిబిరాలయ్యేసరికి అతని చేతిలో ఒక ప్రశ్న తయారవుతుంది. కాలేజీలో ఐరన్ మాత్రలు ఇస్తున్నారా? హాస్టల్ మెనూలో గుడ్డు ఉందా, పళ్లెంలోకి వస్తోందా? ఏడాదికి ఒక్కసారైనా రక్తపరీక్ష జరుగుతోందా? ఇవి అడగడానికి జెండా పట్టుకోనక్కర్లేదు. సేవ, ఉద్యమం వేర్వేరు మనుషులు చేసే పనులని మనకొక అభిప్రాయం ఉంది. నేను ఒప్పుకోను. చేసే పని శ్రద్ధగా చేస్తే అడగాల్సిన ప్రశ్న దాంట్లోంచే పుడుతుంది. పని చేయకుండా అడిగేవాడికి వివరాలు తెలియవు కాబట్టి అధికారి రెండు మాటల్లో పంపించేస్తాడు. అడగకుండా పని మాత్రమే చేసేవాడు అదే కుండలో ఏళ్ల తరబడి నీళ్లు పోస్తూ ఉంటాడు, చిల్లి అలాగే ఉంటుంది.

ఇలా వంతు తీసుకోదగ్గ పని రక్తదానం ఒక్కటే కాదు. గోదావరి దాటితే గోదావరిఖని. అక్కడి కేంద్రంగా సదాశయ ఫౌండేషన్ ఎన్నో ఏళ్లుగా నేత్ర, అవయవ, శరీర దానాల గురించి ఈ బొగ్గు బెల్టంతా ప్రచారం చేస్తోంది. రక్తదానం కంటే ఇది బరువైన పని. చావు ఇంట్లోకి వెళ్లి మాట్లాడాలి. కళ్లలోని కార్నియాను మరణించిన ఆరు గంటల లోపే సేకరించాలి. కాబట్టి ఏడుపులు ఆగేదాకా ఎదురుచూడటం కుదరదు, ఏడుస్తున్నవాళ్ల మీద పడి అడగడమూ తగదు. ఇంటి పెద్దల్లో నిలకడగా ఉన్న మనిషిని పక్కకు పిలిచి, తక్కువ మాటల్లో చెప్పాలి. మధుమేహం ఉన్నా, రక్తపోటు ఉన్నా, కళ్లద్దాలు వాడినా ఇవ్వవచ్చనీ, ముఖం వికారంగా మారదనీ, అంతా అరగంట లోపే అయిపోతుందనీ తెలపాలి. వాళ్లు ఒప్పుకుంటే బృందం వచ్చేలోగా చేయాల్సిన చిన్న పనులున్నాయి. పైనున్న ఫ్యాను ఆపాలి, రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. ఆ కాసేపట్లో ఫ్యాను స్విచ్ ఆపే పొరుగు మనిషి ఇద్దరికి చూపు దక్కేలా చేస్తున్నట్టే. శరీరదానం సంగతికొస్తే, మంచిర్యాలలోనూ రామగుండంలోనూ 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. శరీర నిర్మాణం నేర్చుకునే మన పిల్లలకు మొదటి గురువు దానమిచ్చిన దేహమే.

ఇలాంటి ఆలోచన కోల్ బెల్టులో ఎందుకు నాటుకుంది? నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పని కోసం వచ్చి క్వార్టర్లలో పక్కపక్కన బతికిన కుటుంబాలివి. రాత్రి కష్టం వస్తే తలుపు తట్టేది పక్క క్వార్టర్‌దే. చుట్టాలు తెల్లారాకగానీ చేరుకోరు. కుల పెద్ద కంటే యూనియన్ నాయకుడి మాటకు విలువ ఎక్కువ ఉండేది. 2011 సకల జనుల సమ్మెలో వారాల తరబడి బొగ్గు ఆగినప్పుడు జీతాల్లేకుండా ఇళ్లు గడిచింది ఆ కలివిడితనం వల్లే. కానీ ఆ అల్లిక పలచబడుతోంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు పర్మినెంట్ కార్మికులు సుమారు నలభై వేలమందే. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, కాంట్రాక్టు పని పెరిగింది, పాత కాలనీల్లో తాళాలు వేలాడుతున్నాయి. ఒకప్పుడు బాయి మీద ఒక్క మాట చెబితే షిఫ్టు దిగేలోపు అందరికీ తెలిసేది. ఇప్పుడు ఆ సాయం దానంతటదే పుట్టదు. పూనుకుని అల్లాల్సి ఉంటుంది. వాలంటీర్ల అవసరం ఏటేటా పెరగడానికి మూలం ఇదే.

2022 జూలై వరద గుర్తుందా? గోదావరి ఉప్పొంగి, రాళ్లవాగు ఎదురుతన్ని ఎన్టీఆర్ నగర్, రాంనగర్ లాంటి కాలనీలు మునిగాయి. మాతాశిశు ఆసుపత్రిలోకే నీళ్లొచ్చాయి. బాలింతలను, పసికందులను వేరే దవాఖానకు తరలించాల్సి వచ్చింది. ఆ రెండు మూడు రోజులు పట్టణం తన మంచితనం చూపించింది. అన్నం పొట్లాలు, దుప్పట్లు, నీళ్ల సీసాలు. ఎవరూ ఎవరినీ పిలవలేదు, అందరూ వచ్చారు. నీళ్లు తీశాక అందరం ఇళ్లకు వెళ్లిపోయాం. అన్నం పొట్లం పంచిన చేతుల్లో ఎన్ని చేతులు ఆ తర్వాత ఒక దరఖాస్తు రాశాయి? వాగు వెడల్పు పాత రికార్డుల్లో ఎంత, ఇప్పుడెంత? ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లు ఎత్తేముందు ఏ కాలనీకి ఎన్ని గంటల ముందు కబురు అందాలి, ఎవరు చెప్పాలి? వరద రేఖ ఎక్కడి దాకా గీశారు? నీళ్లలో నిలబడి పనిచేసినవాళ్లకు ఏ వీధి ముందు మునిగిందో, ఏ మోరీ ఎదురుతన్నిందో ఏ ఇంజినీరు కంటే బాగా తెలుసు. ఆ తెలివిడిని కాగితం మీద పెట్టకపోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

కాగితం పెట్టే దారులు చట్టంలో తెరిచే ఉన్నాయి. సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తుకు రుసుము గ్రామస్థాయి కార్యాలయంలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు చేసుకోవచ్చు. సోమవారం సోమవారం నస్పూర్‌లోని కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి జరుగుతుంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. పురపాలక చట్టం 2019 అయితే ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలంది: యువకులది, మహిళలది, వృద్ధులది, ప్రముఖ పౌరులది, ఒక్కోదాంట్లో పదిహేను మంది. నస్పూర్‌ను కలుపుకుని 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థ అయింది. మీ వార్డులో ఆ కమిటీలు ఉన్నాయా, ఉంటే వాటిలో ఎవరున్నారు, ఎప్పుడు కూర్చున్నారు అని అడగడమే మంచి మొదటి దరఖాస్తు. ఒక కాగితంలో ఒక్క సమస్యే రాయండి. వీధి పేరు, తేదీ, ఫొటో జతచేయండి. రసీదు నంబరు తీసుకోకుండా కౌంటర్ దగ్గరి నుంచి కదలొద్దు. ఆవేశం నిండిన అయిదు పేజీల వినతిపత్రం కంటే అరపేజీ వివరానికి జవాబు తప్పించుకోవడం కష్టం.

గూడేలకు వెళ్లే వాలంటీర్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్, నలభై ఏళ్ల లోపువాళ్లలో ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును తుదముట్టించాలని లక్ష్యం పెట్టుకుంది. జన్నారం, దండేపల్లి, కాసిపేట వైపు గూడేల్లో పరీక్షలకు తోడుగా నిలిచే యువత కావాలి. కానీ ఆ ఫలితం ఆ మనిషి సొత్తు. "ఫలానా ఇంటి పిల్లకు రక్తంలో దోషం ఉందట" అని ఒక్క మాట బయటికి పొక్కితే ఆ పిల్ల పెళ్లి ఆగిపోతుంది. తర్వాత ఆ గూడెంలో ఎవరూ చెయ్యి చాపరు. లక్షణం దాగి ఉన్నవాళ్లు రోగులు కారనీ, అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకునేటప్పుడే ఆలోచించాలనీ విడమర్చి చెప్పగలగాలి. వాట్సాప్ గ్రూపులో పేర్ల జాబితా పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఈ పనికి రాకపోవడమే మేలు. ముందు గూడెం పటేల్‌ను కలవాలి. గోండి తెలిసిన ఆశా కార్యకర్త వెనక నడవాలి. వినాలి.

పిల్లకు రక్తం ఎక్కుతుండగా పక్కన కూర్చునే గంటలు కూడా వాలంటీర్‌వే. ప్రాణహిత ఒడ్డున కోటపల్లి, వేమనపల్లి వైపు నుంచి వచ్చిన తల్లికి ఆ రోజు కూలి పోయింది, బస్సు చార్జీలు అయ్యాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016 తలసేమియా, హిమోఫిలియా, సికిల్ సెల్‌లను కూడా వైకల్యాల జాబితాలో చేర్చిందని ఆమెకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. ధ్రువపత్రం కోసం ఎక్కడికి వెళ్లాలో ఆమెకు తెలియదు. ఆమెతో ఒకసారి ఆఫీసుకు వెళ్లిన కుర్రాడు, ఏ కిటికీ దగ్గర ఏ కాగితం అడుగుతారో తెలుసుకుని తర్వాతి తల్లికి సగం తిరుగుడు తగ్గిస్తాడు. పది కుటుంబాలతో తిరిగాక, ఈ పిల్లలకు చెన్నూరులోనో బెల్లంపల్లిలోనో రక్తం ఎక్కించే ఏర్పాటు ఎందుకు ఉండకూడదని అడిగే అర్హత అతనికి వస్తుంది. అప్పుడతను ఒంటరిగా అడగడు, పది మంది తల్లులు వెంట ఉంటారు.

కాలేజీల నుంచి ఒకటి కోరుతున్నాను. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఎన్ఎస్ఎస్‌లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఆ గంటల్లో కొన్నింటిని రోడ్డు ఊడ్చే కార్యక్రమాల నుంచి తప్పించి బ్లడ్ బ్యాంకు నోట్‌బుక్‌కు కేటాయించవచ్చు. ప్రోగ్రాం ఆఫీసర్లు శిబిరం తేదీని తామే నిర్ణయించకుండా, ఏ నెలలో ఏ గ్రూపు తగ్గుతుందో బ్లడ్ బ్యాంకును అడిగి పెట్టాలి. ఒకే రోజు రెండొందల మందిని కూడగట్టడం కంటే, నెలకు ఇరవై మంది చొప్పున పంపితే మేలు. పరీక్షలకు ముందు, అంటే మార్చి మొదట్లోనే, సెలవుల్లో ఊళ్లో ఉండే స్థానిక విద్యార్థులెవరో అడిగి, చలికాలం నుంచి రక్తం ఇవ్వనివాళ్ల పేర్లను గ్రూపుల వారీగా విడిగా రాయాలి. ఆ జాబితా ఒకటి కాలేజీలో, ఒకటి బ్లడ్ బ్యాంకు రిసెప్షన్ బల్ల మీద ఉంటే, మే నెలలో ఫోన్ చేయడానికి పేర్లుంటాయి.